తెల్లదట్టీకీ ఎర్రదట్టీకీ మధ్య

ఆ శనివారం నేను తెల్లబట్టలన్నీ ఉడకేశాను. ఆదివారం చర్చికి కట్టుకుపోవాలంటే ముందురోజు ఆ పని తప్పదు. కుండలో నీళ్ళు కాగాక చాకలిసోడా వేసి, మా ఆయన పంచె, పిల్లల చొక్కాలు ముంచి కర్రతో కలియబెడుతుంటే, దండెం మీద ఇంకో గుడ్డ కనిపించింది. మన్ను కొట్టుకుపోయి, చెమట పీల్చుకుని, అట్టలాగా బిగుసుకుపోయి ఉంది. మా ఆయన పొద్దున్నే నడుముకు చుట్టుకుని, కర్రసాము చేయడానికి తాలింఖానాకు పోయే దట్టీ అది. ఎప్పుడూ దాన్ని ఉతకమని నాకు వేసిన పాపాన పోలేదు. మగవాళ్ళకు ఇలాంటివి ఎక్కడ పడతాయిలే అనుకుని, తెల్లబట్టలు తీసేశాక దాన్ని కూడా కుండలో తోశాను.

ఎర్రనీళ్ళు దిగాయి. మళ్ళీ మంచినీళ్ళు పోసి మళ్ళీ ఉడికించాను. బండకేసి బాది, జాడించి, చివర్న నీలిమందు నీళ్ళలో ముంచి ఆరేశాను. కొన్న రోజున కూడా అది అంత తెల్లగా లేదు. నాకే ముచ్చటేసింది.

సాయంత్రం ఆయన వచ్చి దండెం దగ్గర ఆగిపోయాడు.

"ఇదేందే?"

"నీ దట్టీయే. ఉడకేశా. ఎట్టా మెరుస్తందో చూడు."

ఆయన దాన్ని తీసి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎక్కడన్నా మరక మిగిలిందేమోనని వెతుకుతున్నట్టు మడతలు విప్పి చూశాడు. ఏమీ మిగల్లేదు.

"కొంప ముంచావు గదే," అని అరుగు మీద కూలబడ్డాడు. "నన్ను మళ్ళీ మొదటిరోజుకి దించావు."

"మన్ను పోతే ఏమయిద్దయ్యా? రేపు దిగితే మళ్ళీ అంటుకుంటది."

"నీకు తెలవదులే," అన్నాడు.

ఒక గుడ్డముక్కకు అంత బాధ ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మాది గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో ఒక ఊరు. సాగరు డాము పని జోరుగా జరుగుతున్న కాలం అది. మా ఆయన నాపరాతి క్వారీలో పనిచేసేవాడు. రాతిపొరల మధ్య ఇనపమేకులు పెట్టి, పొర విడిపోయేదాకా సమ్మెటతో కొట్టడం ఆయన పని. ఒకరోజు లేపిన బండ జారి కుడి భుజం మీద పడింది. మంచం మీద వేసుకుని ఇంటికి మోసుకొచ్చారు. మా ఊళ్ళో విరిగిన ఎముకలకు కట్టు కట్టేది తాలింఖానా ఉస్తాదే. ముసలి సాయిబు. ఊరి మగపిల్లలకు కర్రసాము నేర్పేదీ ఆయనే, ఆ సాములోనో పనిలోనో ఎవరికేది విరిగినా సరిచేసేదీ ఆయనే. గుడ్డుసొన, మినప్పిండి పట్టించి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. ఎముక చక్కగా అతికింది. కానీ కట్టు విప్పాక చెయ్యి భుజం ఎత్తు దాటి పైకి లేవలేదు.

అన్నం తినడానికి లేచేది. బీడీ ముట్టించుకోవడానికి లేచేది. చొక్కా తొడగాలంటే మాత్రం నేను వెనక నిలబడి, చంటిపిల్లవాడికి తొడిగినట్టు చెయ్యి దూర్చాల్సి వచ్చేది. ఇక సమ్మెట సంగతి అడగనే అక్కర్లేదు. తలమీదికి ఎత్తలేనివాడు రాయిని ఏం కొడతాడు?

క్వారీ మేస్త్రీ మంచివాడే. చూడటానికి వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పాడు. "నీ చోటు ఉంచుతారా. నీ చెయ్యి తలమీదికి లేచిన రోజున రా. వానలు పడి క్వారీ నీళ్ళతో నిండేదాకా చూస్తా. ఆ పైన నా చేతిలో ఏం లేదు."

అది కాకపోతే మాకు మిగిలింది ఒకటే దారి. ఈపూరులో మా అన్న దగ్గరికి పోయి, వాళ్ళ చేలో పని చేసుకుంటూ, వాళ్ళ వసారాలో ఉండటం. మా అన్న రమ్మనే అన్నాడు. మా వదిన ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే మా ఆయనకు భయం.

ఉస్తాదు మాత్రం నదురూ బెదురూ లేకుండా అన్నాడు. "ఎముక నా పని, అయిపోయింది. కీలు నీ పని. నూనె రాసుకుంటా కూర్చుంటే అది తుప్పుబట్టిన గొళ్ళెం లాగా అట్టాగే ఉండిపోద్ది. పొద్దున్నే గోదాలోకి రా. కర్ర తిప్పు."

"ఈ వయసులో సామేంది బాబాయ్? నలుగురు పిల్లలోణ్ణి."

"పిల్లల్ని తిప్పమన్నానా? కర్ర తిప్పమన్నా."

అలా మొదలైంది. తాలింఖానా అంటే పెద్ద కట్టడమేమీ కాదు. ఉస్తాదు ఇంటిని ఆనుకుని తాటాకు దడి కట్టిన జాగా, దాని మధ్యలో గోదా. ఎర్రమన్ను తోలించి, మజ్జిగా నువ్వులనూనే కలిపి తొక్కి, పడినా దెబ్బ తగలనంత మెత్తగా చేసేవాళ్ళు. సాయిబులు, వడ్డెరవాళ్ళు, మాలాంటి క్రైస్తవులు అందరూ వచ్చేవాళ్ళు. గోదాలో దిగేముందు చిటికెడు మన్ను తీసి కళ్ళకద్దుకోవడం అక్కడి ఆచారం. మా ఆయన అలా చేయకుండా, నిలబడి మనసులో ప్రార్థన చేసుకుని దిగేవాడు. ఉస్తాదు అది చూసి, "నేలకి చెప్పుకుంటావో పైవాడికి చెప్పుకుంటావో నీ ఇష్టం, చెప్పుకోకుండా మాత్రం దిగమాక" అన్నాడట.

అక్కడ దట్టీలు రెండే రకాలు. కొత్తగా చేరినవాడికి తెల్లది. నలుగురు కర్రలు పట్టుకుని చుట్టుముట్టినా దెబ్బ తినకుండా నిలబడగలిగినవాడికి ఎర్రది. మధ్యలో ఏమీ లేదు. పిల్లలకు ఆ పద్ధతి బాగానే ఉండేది. పలక పట్టే వయసులో చేరేవాళ్ళు, నూనూగు మీసాలు వచ్చేనాటికి ఎర్రదట్టీ కట్టేవాళ్ళు. ఆటగా వచ్చి ఆటగా పోయే వయసు, వాళ్ళకు తొందరేముంది? కష్టమంతా పెద్దయ్యాక చేరినవాళ్ళది. నడుం పట్టేసినవాడొకడు, పొట్ట పెరిగినవాడొకడు, ఊళ్ళో తగాదాలో దెబ్బలు తిని పౌరుషం వచ్చినవాడొకడు, ఇలా చేరుతూనే ఉండేవాళ్ళు. నెల తిరక్కుండా మానేస్తూనే ఉండేవాళ్ళు. ఒళ్ళు నొప్పులకు కాదు మానేయడం. కొడుకు వయసువాళ్ళు ఎర్రదట్టీలతో ముందువరసలో ఉంటే, వీళ్ళు తెల్లదట్టీతో వెనక నిలబడాలి. ఆ తెలుపు ఎన్నాళ్ళో ఎవరూ చెప్పరు. నిన్నటికంటే ఈరోజు ఏమన్నా వచ్చిందో రాలేదో తెలిసే దారి లేదు.

కుర్రాళ్ళు ఊరుకుంటారా? "మావా, నువ్వు ఇంకొంచెం వెనక్కి జరుగు, నీ పొట్ట అడ్డమొచ్చి ఉస్తాదు కనపడటంలా" అనేవాళ్ళు.

అందుకని ఆ పెద్దవాళ్ళు తమలో తామే ఒక పద్ధతి పెట్టుకున్నారు. దట్టీ ఉతక్కూడదు. గోదా మన్ను దానికి రోజూ కొంచెం కొంచెం పట్టుకుంటుంది. నిన్న చేరినవాడిది పాలలా తెల్లగా ఉంటుంది. నెల నిలబడినవాడిది మాసినట్టు ఉంటుంది. అంతకుముందు నుంచీ వస్తున్నవాడిది ఇటుకరంగుకు తిరుగుతుంది. ఒకరి నడుములు ఒకరు చూసుకుని, ఆ రంగును బట్టి వెనకవరసలో నిలబడేవాళ్ళు. ఉస్తాదుకు ఇది తెలుసో లేదో, పట్టించుకునేవాడు కాదు. ఆ వరసలో మొదటి చోటు మా ఆయనది. ఆ చోటునే నేను చాకలిసోడా వేసి ఉడకేశాను.

ఇదంతా ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తూ దారిలో చెప్పాడు.

"రేపు అది కట్టుకుని పోతే ఏమంటారో తెలుసా? కొత్త పెళ్ళికొడుకు వచ్చాడంటారు. పోనీ ఉతికినదానివి ఉతికి ఊరుకున్నావా, నీలిమందు కూడా పెట్టావు గదే!"

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

సోమవారం పోలేదు. మంగళవారమూ పోలేదు. తరువాత పోతాడేమోనని ఎదురుచూశాను. పొద్దున్నే లేచి, వేపపుల్ల నములుతూ అరుగు మీదే కూర్చునేవాడు. అప్పటికి ఆయన చెయ్యి భుజం దాటి చెవిదాకా లేస్తోంది. గోదా మానేశాక కీలు మళ్ళీ బిగుసుకోవడం మొదలైంది. ఒకరోజు గూట్లో పైఅరలో ఉన్న చెంబు తీయబోయి, చెయ్యి సగంలో ఆగిపోతే, పళ్ళు బిగబట్టి ఎడమచేత్తో తీసుకున్నాడు. నేను చూడలేదనుకున్నాడు.

"నీకు దట్టీ ముఖ్యమా, చెయ్యి ముఖ్యమా?" అని గట్టిగానే అడిగాను.

"ఈపూరు పోదాంలే," అన్నాడు నేల చూస్తూ. "మీ అన్న రమ్మన్నాడుగా."

మా పుట్టింటికి పండగకు రమ్మంటేనే రెండుపూటలకు మించి ఉండని మనిషి. ఆయన నోటి నుంచి ఆ మాట వచ్చిందంటే మనిషి లోపల చేతులెత్తేసినట్టే. పిల్లలకు గంజి పోసి, నేరుగా ఉస్తాదు ఇంటికి పోయాను.

ఉస్తాదు వాకిట్లో కూర్చుని కర్రలకు నూనె పట్టిస్తున్నాడు. ఆయన భార్య పక్కనే చేటలో బియ్యం ఏరుతోంది. నేను ఆమెను పిన్నీ అని పిలిచేదాన్ని.

"బాబాయ్, ఆయన రావటంలా," అన్నాను.

"తెలుసమ్మాయ్. గుడ్డ తెల్లబడిందని చెయ్యి ఎండబెట్టుకుంటన్నాడు గాడిద. ఇద్దర్ని పంపా పిలవమని. రాలా."

"ఉతికింది నేను."

"ఉతికితే ఏం? గుడ్డ ఉన్నదే ఉతకటానికి."

"ఆయనకి అది గుడ్డ కాదుగా బాబాయ్. పెద్దోళ్ళకి ఎంతవరకు వచ్చిందో చెప్పేది ఆ మన్నొక్కటే. నువ్వు చెప్పవాయె."

"నేను చెప్పేదేంది? కర్ర చెప్పుద్ది."

"కర్ర చానా ఆలస్యంగా చెప్పుద్ది. పిల్లలకంటే బోలెడంత టైముంది. ఆయనకి వానలదాకే ఉంది. తెల్లదానికీ ఎర్రదానికీ మధ్యలో ఇంకోటేదన్నా పెట్టరాదా, పెద్దోళ్ళకి?"

ఉస్తాదుకు కోపం వచ్చింది. కర్ర పక్కన పెట్టాడు. "మా నాయన దగ్గర నేను తెల్లది కట్టా, తర్వాత ఎర్రది కట్టా. మధ్యలో రంగులేంది? నేనేమన్నా గాజులకొట్టు పెట్టుకున్నానా రంగుకొకటి అమ్మటానికి? ఇయ్యాల వీళ్ళకిస్తే రేపు పిల్లకాయలు అడుగుతారు. ఎల్లుండి వారానికో రంగు అడుగుతారు. ఇంక ఎర్రదట్టీకి ఏం విలువుంటది?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పిన్ని చేటలోంచి తల ఎత్తకుండానే అంది.

"నువ్వు ఎర్రది కట్టేనాటికి నీకెన్నేళ్ళు?"

"ఎన్నేళ్ళయితే ఏం? మీసం రానప్పుడే కట్టా."

"అదే చెప్తన్నా. మీసం నెరిసినోడి సంగతి నీకేం తెలుసు?"

పిన్ని చేట కింద పెట్టింది. "మన అటకకి నిచ్చెన ఉంది. కింద మెట్టూ పై మెట్టూ ఉంచి మిగతావి పీకేస్తే మన మనవడు ఎగిరి ఎక్కుతాడు. నువ్వు ఎక్కు చూద్దాం."

ఆయన లేచి, భుజం మీద గుడ్డ దులుపుకుని బయటికి పోయాడు. పిన్ని మళ్ళీ చేట తీసుకుంది. "పో అమ్మాయ్. కోపమొస్తే పోట్లాడతాడు. లేచిపోయాడంటే ఆలోచిస్తన్నాడని," అంది.

మర్నాడు కబురు వచ్చింది. మా ఆయన దట్టీ తీసుకుని, పసుపుకొమ్ములు నాలుగు తీసుకుని రమ్మని. కబురు మా ఆయనకు కాదు, నాకు.

ఉస్తాదు చెప్పిన పద్ధతి ఇది. పెళ్ళయ్యాక గోదాలో దిగినవాడికే మధ్యరంగులు. అడుగులు సరిగ్గా పడి, భయపడకుండా కిందపడి లేవడం వచ్చినవాడికి పసుపుదట్టీ. రెండు చేతులతోనూ, విడివిడిగా, కర్రను తలమీద తిప్పగలిగినవాడికి కావిదట్టీ. ఆ తరువాత ఎర్రది అందరికీ ఒకటే, దానిలో పెద్దా చిన్నా లేదు. "ఇంకోటి వినండి," అన్నాడట గోదాలో అందరినీ నిలబెట్టి. "పసుపు కట్టినా కావి కట్టినా ముందువరసకి మాత్రం రారు. పిల్లోడైనా సరే, ఎర్రది కట్టినోడికి దారివ్వాల్సిందే. ఎంతవరకు వచ్చావో నీకు తెలవటానికి ఇది. ఊరికి చూపటానికి కాదు."

"మాకూ కావాలి ఉస్తాద్!" అని కుర్రాళ్ళు గోల చేశారట.

"పెళ్ళి చేసుకుని రండ్రా, ఇస్తా."

అంతటితో నోళ్ళు మూతపడ్డాయి.

పిన్నీ నేనూ వాకిట్లో పొయ్యి పెట్టి రంగు వేశాం. కొమ్ములు రోట్లో దంచి, నీళ్ళలో కాచి, ఆయనదీ మిగతా పెద్దవాళ్ళవీ దట్టీలు ముంచి తీశాం. నేను అంత శ్రద్ధగా తెల్లగా చేసిన గుడ్డ నా చేతుల్లోనే చామంతిపువ్వులా పసుప్పచ్చగా తిరిగింది. నీలిమందు పెట్టినందుకేమో దాని అంచుల్లో కొంచెం పచ్చదనం కూడా వచ్చింది. మా చేతులు మోచేతులదాకా పసుపే. ఆదివారం చర్చిలో పక్కన కూర్చున్న ఆమె, "ఏం వదినా, ఎవరింట్లో పెళ్ళి?" అని చెవిలో అడిగింది.

ఉస్తాదు ఆ దట్టీని మా ఇంటికి పంపలేదు. కావాల్సినవాడు వచ్చి కట్టించుకుంటాడన్నాడు. ఆ మాట నేను మా ఆయనకు చేరవేశాను.

"పసుపా? నేనేమన్నా పేరంటానికి పోతన్నానా?" అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున తలుపు కిర్రుమంది. కళ్ళు మూసుకునే విన్నాను. అడుగులు తాలింఖానా వైపు పోయాయి. ప్రభువా, అనుకున్నాను, ఇంకేమీ అడగాలనిపించలేదు.

ఎండ ఎక్కాక నడుముకు పసుపుదట్టీతో వచ్చాడు. ఆ మొహం చూసి చాలా రోజులైంది. "నాకే ముందు కట్టాడు," అన్నాడు. తరువాత సిగ్గుపడ్డట్టు, "కూడేమన్నా ఉందా?" అన్నాడు.

కుర్రాళ్ళు ఆపలేదనుకోండి. "మావలందరూ పేరంటాళ్ళయ్యారు రోయ్" అని పాటలు కట్టారు. అయినా ఈసారి మావలు కూడా నవ్వారట. అంతకుముందు వాళ్ళకు నవ్వు వచ్చేది కాదు.

వాళ్ళలో ఒక బండి తోలే ఆయన ఉండేవాడు. సున్నపుబట్టీలకు రాయి తోలేవాడు. పసుపు కట్టిన వారం లోపలే ఆయనకొక చిక్కు వచ్చింది. చీకటితో లేచి, దండెం మీద దట్టీ తీసి చుట్టుకుని గోదాకు వచ్చాడు. వెలుగు రాగానే కుర్రాళ్ళు కేకలు. "ఉస్తాద్! మావ రాత్రికి రాత్రే ఎర్రది కట్టేశాడు!"

నిజమే, దట్టీ ఎర్రగా ఉంది.

"నా పిల్లల మీద ఒట్టు, నేనేం చెయ్యలా!" అని ఆ మనిషి గోదా మధ్యలో ప్రమాణాలు చేస్తున్నాడట. ఉస్తాదు కర్ర పట్టుకుని లేచాడు. అప్పుడు దడి అవతల నుంచి పిన్ని అరిచింది. "ఆయన్నేం అనమాక! సబ్బు పెట్టి ఉతికింది వాళ్ళావిడ!"

పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని తెలియని ఆడది ఉండదు. అయినా దట్టీ దగ్గరికి వచ్చేసరికి మాలో ఎవ్వరికీ ఆ సంగతి తట్టలేదు. పిన్ని ఆ దట్టీని తీసుకుని చింతపండు పులుసులో ముంచింది. మళ్ళీ పసుప్పచ్చగా తిరిగింది. ఎర్రదట్టీ నుంచి చింతపండు పులుసుతో కిందికి దిగినవాడు పల్నాడు మొత్తంలో ఆయనొక్కడేనని ఊరంతా చెప్పుకున్నారు. ఈసారి ఉతికింది నేను కానందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ నవ్వులాటల మధ్యలో ఒక సంగతి ఎవరూ పైకి అనలేదు. ఆ ఏడు పెద్దవాళ్ళెవరూ మానేయలేదు. తరువాత చాలా కాలానికి, పిల్లల పెళ్ళిళ్ళు కూడా అయ్యాక, నేను పెద్దవాళ్ళ బడిలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్నాను. మొదటి చిన్నపుస్తకం అయిపోగానే పంతులమ్మ దాన్ని తీసుకుని రెండోది నా చేతిలో పెట్టింది. నిన్న నేను మొదటి పుస్తకం మనిషిని, ఈరోజు రెండో పుస్తకం మనిషిని. చదవడం అప్పటికి సరిగ్గా రానేలేదు. అయినా ఇంటికి పోయేటప్పుడు ఆ పుస్తకాన్ని చెంగు కింద దాచకుండా అందరికీ కనపడేలా పట్టుకుని నడిచాను.

పసుపు తొందరగానే వచ్చింది కానీ కావి రాలేదు. ఎడమచేత్తో కర్ర తలమీద బాగానే తిరిగేది. కుడిచెయ్యి చెవి దగ్గర ఆగిపోయేది. ఉస్తాదు ఇంట్లో చేయమని ఒక పని చెప్పాడు. గోడ ముందు నిలబడి, గోడ మీద వేళ్ళను సాలెపురుగులా పైకి నడిపించాలి. సాయంత్రం పూట మా ఆయన అలా నడిపిస్తుంటే పిల్లలు పక్కన చేరి, "ఇంకొంచెం నాయనా, ఇంకొంచెం" అని అరిచేవాళ్ళు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నేను మిరపకోతలకు పోయి వచ్చి, నూనె కాచి భుజానికి మర్దన చేసేదాన్ని. ఘాటు ఇంకా నా చేతుల్లో ఉండి భుజం మండుతుంటే, "చంపుతావే నన్ను" అనేవాడు. ఈపూరు మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఎండలు ముదిరాయి. రోళ్ళు పగిలే కార్తె కూడా వచ్చింది. పడమటి కొండల మీద సాయంత్రాలు మబ్బు కమ్మడం మొదలైంది. అందరూ మబ్బుకేసి ఆశగా చూస్తుంటే నేను గుండె పట్టుకుని చూసేదాన్ని. వాన పడితే క్వారీ నిండుతుంది, క్వారీ నిండితే మేస్త్రీ ఇచ్చిన గడువు తీరిపోతుంది.

ఒక పొద్దున పిన్ని మా వాకిట్లోకి వచ్చింది. "రా, ఇయ్యాల చూద్దువుగాని," అంది. ఆడవాళ్ళు తాలింఖానాలోకి పోకూడదు. వాళ్ళ పెరట్లో దడి దగ్గర నిలబడి, తాటాకుల సందులోంచి చూశాం.

మా ఆయన గోదా మధ్యలో ఉన్నాడు. ఎడమచేత్తో తిప్పాడు. చేతులు మార్చుకున్నాడు. కుడిచెయ్యి లేచింది, చెవి దగ్గరికి వచ్చింది, వణికింది, దిగిపోయింది. కర్ర మన్నులో పడింది. ముందువరసలో ఎర్రదట్టీ కుర్రాళ్ళు ఉన్నారు. ఎవ్వరూ ఏమీ అనలేదు. అంతవరకు వాళ్ళ నోళ్ళు మూతపడి ఉండటం నేను చూడలేదు.

"కర్ర తీసుకో," అన్నాడు ఉస్తాదు. "చేతిని ఎత్తమాక. కర్రనెత్తు. చెయ్యి దాని ఎనకాల అదే వచ్చుద్ది."

మా ఆయన కర్ర తీసుకున్నాడు. ఈసారి కింద నుంచి తిప్పుకుంటూ, ఊపు మీద పైకి తెచ్చాడు. చెవి దాటింది. తల దాటింది. చెయ్యి నిటారుగా నిలబడి, కర్ర నెత్తిమీద గుయ్యిమని తిరిగింది. బండ పడ్డనాటి నుంచి నేను ఆయన కుడిచంక చూడలేదు. ఆ పొద్దున చూశాను. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏడవమాక, దడి కదులుద్ది," అని పిన్ని నన్ను గిల్లింది. ఆమె కూడా ఏడుస్తూనే ఉంది.

ఉస్తాదు మెచ్చుకోలేదు. కావిరాయి నూరి రంగేసిన దట్టీ మా ఆయన నడుముకు చుట్టి ముడేశాడు. "ఎర్రదానికి ఎప్పుడొస్తావు మరి?" అన్నాడు.

"ఎర్రది కుర్రాళ్ళదిలే బాబాయ్. నాకు సమ్మెట చాలు."

"మావా, ఇంక పొట్ట కూడా కాస్త చూసుకో," అన్నాడొకడు ముందువరసలోంచి. గోదా అంతా నవ్వింది.

మర్నాడే ఆయన క్వారీకి పోయాడు. నాతో ఏమీ చెప్పలేదు, చొక్కా తనే తొడుక్కుని పోయాడు. నాకు ఇంట్లో కాళ్ళు నిలవలేదు. గోదాలో కర్ర వేరు, క్వారీలో సమ్మెట వేరు. మేస్త్రీ ఏమంటాడో. ఒకసారి ఎత్తగలిగినంత మాత్రాన పొద్దుగూకేదాకా ఎత్తగలడా? మధ్యాహ్నానికి గిన్నెలో కూడూ గోంగూర పచ్చడీ పెట్టుకుని, గుడ్డ మూట కట్టి బయలుదేరాను. ఎండకు నాపరాళ్ళు పెనంలా కాలుతున్నాయి. దూరం నుంచే సమ్మెట దెబ్బలు వినిపించాయి. కానీ అక్కడ చాలామంది కొడుతున్నారు, ఏ దెబ్బ ఎవరిదో ఎలా తెలుస్తుంది?

క్వారీ గట్టు మీదికి ఎక్కి కిందికి చూశాను. మా ఆయన కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు. సమ్మెట రెండు చేతులతో పట్టుకుని తలమీదికి ఎత్తాడు. కుడిచెయ్యి ఎడమచేతితో సమానంగా పైకి పోయింది. కిందికి దిగింది. మేకు కణ్‌మంది. మళ్ళీ ఎత్తాడు.

అక్కడే ఒక బండ మీద కూర్చుండిపోయాను. కాలుతోందని కూడా తెలియలేదు.

"ఏందమ్మా, ఎండదెబ్బా?" అన్నాడు మేస్త్రీ దగ్గరికి వచ్చి.

"కాదన్నా."

"పొద్దున్నించి కొడతానే ఉన్నాడు. ఆగమన్నా ఆగటంలా. నువ్వన్నా చెప్పు కాస్త."

మా ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. సమ్మెట రాతికి ఆనించి, కుడిచేత్తోనే నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"ఏందే అట్టా కూర్చున్నావు?" అని కింద నుంచి అరిచాడు. "కూడు తెచ్చావా, లేదా?"

"తెచ్చా," అన్నాను. లేవడానికి మాత్రం ఇంకాసేపు పట్టింది.